'నేకెడ్ టాంగో' (1990): ఓడ మీద నుంచి దూకిన అమ్మాయి కథ ఏమైంది?

సినీజిజ్ఞాసి (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం మా ఊరి ఫిల్మ్ సొసైటీలో లెనార్డ్ ష్రేడర్ దర్శకత్వం వహించిన 'నేకెడ్ టాంగో' ప్రదర్శించుకున్నాము. పదకొండు మందిమి కూర్చుంటే చివరికి ఏడుగురమే మిగిలాము. మిగిలిన ఏడుగురమూ రాత్రి పొద్దుపోయేదాకా గోదావరి గట్టు మీద కూర్చుని వాదించుకున్నాము. ఆ వాదన తెగలేదు గనుక ఇక్కడికి తెచ్చాను.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. కాలం 1924. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌కు వెళ్తున్న ఓడలో స్టెఫనీ (మతిల్డా మే) అనే యువతి ఉంటుంది. భర్త వయసు మళ్ళిన న్యాయమూర్తి (ఫెర్నాండో రే). ఆ కాపురం ఆమెకు ఊపిరాడనివ్వదు. అదే ఓడలో ఆల్బా అనే పోలెండు అమ్మాయి, ముఖం కూడా ఎరుగని వరుడి దగ్గరికి వెళ్తూ ఉంటుంది. ఆ అమ్మాయి సముద్రంలోకి దూకేస్తుంది. స్టెఫనీ ఆమె పేరు పెట్టుకుని రేవులో దిగుతుంది. తీరా చూస్తే ఆ వరుడు జికో (ఈసై మొరాలెస్) వేశ్యాగృహాలు నడిపే ముఠాకు చెందినవాడు. ఇక అక్కడి నుంచి కథ స్టెఫనీకీ, టాంగో అనే జంట నాట్యం పిచ్చి తలకెక్కిన చోలో (విన్సెంట్ డొనోఫ్రియో) అనే రౌడీకీ మధ్య నడుస్తుంది.

సినిమా చూపులకు అద్భుతంగా ఉంది. దీపాలు, నీడలు, థామస్ న్యూమన్ సంగీతం, అన్నీ కుదిరాయి. నా అభ్యంతరమల్లా ఒక్కటే. పెళ్ళి పేరిట పోలెండు నుంచి తెచ్చి అమ్ముకున్న యూదు స్త్రీల నేపథ్యాన్ని ఎత్తుకున్న సినిమా, అలా వచ్చిన అమ్మాయిని మొదట్లోనే నీళ్ళలోకి తోసేసి, ఆమె చోటులో ఒక పెద్దింటి ఇల్లాలిని నిలబెట్టింది. ఆల్బా ఎవరి కూతురో, ఎందుకు దూకిందో మనకు తెలియదు. నిజ జీవితంలో అలాంటి మోసపు పెళ్ళితో వచ్చి, ఆ ముఠానే కోర్టుకీడ్చిన రాకేల్ లిబెర్మాన్ ఉండగా, ఈ కల్పన ఎందుకు అవసరమైంది? మీ అభిప్రాయాలు చెప్పగలరు.

చికాగో_సుబ్బు

చరిత్ర పాఠం కావాలనుకునేవారు పుస్తకం చదువుకోవాలి గానీ సినిమాకు వెళ్ళకూడదని నా అభిప్రాయం. దర్శకుడు తీసింది టాంగో గురించి, కోరిక గురించి. వేశ్యాగృహం అతనికి ఒక రంగస్థలం మాత్రమే. మన 'దేవదాసు'లో చంద్రముఖి ఇంటిని చూసి, ఆనాటి కలకత్తా వేశ్యల జనాభా లెక్కలు చూపలేదేమని మనం అడిగామా?

తుంగభద్ర (కర్నూలు)

నేను చరిత్ర బోధిస్తాను గనుక పుస్తకం వైపు నుంచే మాట్లాడతాను, సుబ్బు గారు మన్నించాలి. ముందుగా సినీజిజ్ఞాసి గారి టపాలో ఒక సవరణ ఉంది. రాకేల్ లిబెర్మాన్ మోసపు పెళ్ళితో అర్జెంటీనా రాలేదు. ఆమె చక్కగా పెళ్ళయి, ఇద్దరు కొడుకుల తల్లి అయి, భర్త దగ్గరికి కాపురానికి వచ్చింది.

రాకేల్ 1900లో బెర్దీచెవ్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. చిన్నతనంలోనే కుటుంబం పోలెండులోని వార్సాకు చేరింది. 1919లో అక్కడే యాకోవ్ ఫెర్బెర్ అనే దర్జీతో పెళ్ళయింది. 1921లో అతడు బతుకుతెరువు వెతుక్కుంటూ ముందుగా అర్జెంటీనాలోని తపాల్కే అనే చిన్న ఊరికి వెళ్ళాడు. మరుసటి ఏడాది ఆమె పిల్లలను తీసుకుని బయలుదేరింది. ఈ ఎడబాటు కాలంలో భార్యాభర్తలు తూర్పు యూరప్ యూదుల భాష అయిన యిడ్డిష్‌లో రాసుకున్న ఉత్తరాలు మిగిలి ఉన్నాయి. ఆమె అక్కడికి చేరిన మరుసటి ఏడాది, 1923లో, భర్త క్షయతో చనిపోయాడు. భాష రాదు, చేతిలో డబ్బు లేదు, ఇద్దరు పసివాళ్ళు. పిల్లలను తపాల్కేలో తెలిసినవారింట వదిలి ఆమె బ్యూనస్ ఐరిస్‌కు వెళ్ళింది. ఒళ్ళమ్ముకునే బతుకు అక్కడే మొదలైంది.

మరి మోసపోయిన కన్యపిల్ల కథ ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు ఆమె నుంచే వచ్చింది! 1929 డిసెంబరు 31న పోలీసు కమిషనరు హూలియో అల్సోగరాయ్ ముందు వాంగ్మూలం ఇచ్చినప్పుడు ఆమె తన మొదటి పెళ్ళినీ, ఇద్దరు కొడుకులనూ పూర్తిగా దాచింది. తల్లి ఏం చేసి తమను పోషించిందో పిల్లలకు తెలియకూడదు. ముఠా కన్ను వాళ్ళ మీద పడకూడదు. అందుకని అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్నే పత్రికలూ పుస్తకాలూ అరవై డెబ్బై ఏళ్ళ పాటు చరిత్రగా రాసుకున్నాయి. నోరా గ్లిక్‌మాన్ అనే పరిశోధకురాలు కుటుంబం దగ్గర ఉన్న ఉత్తరాలనూ ఫోటోలనూ చూసి రాసిన తరువాతే అసలు సంగతి లోకానికి తెలిసింది.

సుబ్బు గారు చంద్రముఖిని గుర్తుచేశారు కాబట్టి చెబుతున్నాను. నాకు కావలసింది జనాభా లెక్కలు కాదు. ఒక స్త్రీ వాంగ్మూలం ఇస్తూ ఏది చెప్పాలో, ఏది మింగాలో నిర్ణయించుకుంటున్న ఆ గంట చూడాలని ఉంది. నాటకీయత కావాలంటే అంతకు మించి ఏముంటుంది?

నీలవేణి_ఎస్ (కాకినాడ)

న్యాయవాదిగా ఒక మాట చెబుతాను. తుంగభద్ర గారు చెప్పిన ఆ గంటను నేను చాలాసార్లు చూశాను. గల్ఫ్ దేశాల్లో ఇంటిపని అని చెప్పి పంపితే మరొక రొంపిలో చిక్కి తిరిగి వచ్చిన గోదావరి జిల్లాల స్త్రీలు నా దగ్గరికి వచ్చినప్పుడు, మొదటి రోజు చెప్పే కథకూ మూడో నెలలో చెప్పే కథకూ తేడా ఉంటుంది. ఒకావిడ ప్రతి వాక్యం చివరా "మా అబ్బాయికి తెలియదు కదండీ" అంటూ నా చేతిలోని కలం వంక చూసేది, అది ఆగేదాకా తరువాతి మాట చెప్పేది కాదు. ఎదుటి పక్షం వకీలు ఈ తేడానే పట్టుకుని సాక్షి నమ్మదగినది కాదంటాడు. రాకేల్ కేసులో ఏం జరిగిందో తుంగభద్ర గారు వివరంగా రాస్తే బాగుంటుంది.

తుంగభద్ర (కర్నూలు)

రాస్తాను, కాస్త పొడవవుతుంది.

ముందు ముఠా సంగతి చూద్దాం. 1906లో బ్యూనస్ ఐరిస్ పక్కన 'వార్సా యూదుల పరస్పర సహాయ సంఘం' అనే పేరుతో ఒక సంస్థ రిజిస్టరయింది. కాగితం మీద అది కష్టసుఖాల్లో ఆదుకునే సంఘం, లోపల తార్పుడుగాళ్ళ కూటమి. అప్పటికి ఆ నగరంలో లైసెన్సు తీసుకుని వేశ్యాగృహం నడపడం చట్టబద్ధమే. 1875 నాటి మునిసిపల్ నిబంధన అందుకు వీలు కల్పించింది. కాబట్టి ఇళ్ళు నడిపినందుకు వాళ్ళను పట్టుకునే వీలు లేదు. బలవంతాన్నో మోసాన్నో రుజువు చేయాలి, రుజువు చేయాలంటే ఎవరో ఒక స్త్రీ నోరు విప్పాలి.

పేరు మారిన వైనం కూడా చెప్పుకోదగినదే. అక్కడి వీధుల్లో 'పొలాకా', అంటే పోలెండుది అనే మాటకు వేశ్య అనే అర్థం స్థిరపడిపోయింది. తమ రాజధాని పేరును ఇటువంటి సంఘం వాడుకోవడం మీద పోలెండు ప్రతినిధులు ఫిర్యాదు చేశారు. దాంతో 1929లో సంఘం తన వ్యవస్థాపకులలో ఒకడి పేరు తీసుకుని 'జ్వీ మిగ్దల్' అయింది. చేసే పని మీద ఏ ప్రభుత్వమూ ఒత్తిడి తేలేకపోయింది గానీ పెట్టుకున్న పేరు మీద మాత్రం తేగలిగింది.

ఇక రాకేల్. ఆమె కొన్నేళ్ళు కూడబెట్టి, తన విడుదలను తానే కొనుక్కుని, కయ్యావో వీధిలో 515 నంబరులో పాత వస్తువుల దుకాణం పెట్టుకుంది. అప్పుడొచ్చాడు హోసె సాలొమోన్ కోర్న్. ప్రేమ అన్నాడు, పెళ్ళాడాడు. అతడు ముఠా మనిషి. ఒకతె బయటపడి నిలదొక్కుకుంటే మిగిలినవారికీ ఆశ పుడుతుందని ఆమెను మళ్ళీ లాగడానికే అతన్ని పంపారని అంటారు. దాచుకున్న సొమ్ము ఊడ్చుకుని ఆమెను తిరిగి వృత్తిలోకి దింపాడు. సినీజిజ్ఞాసి గారు చెప్పిన మోసపు పెళ్ళి ఇదే. అది పోలెండులో పద్దెనిమిదేళ్ళ పిల్లకు జరిగింది కాదు. బ్యూనస్ ఐరిస్‌లో, లోకం చూసిన వ్యాపారస్తురాలికి జరిగింది.

ఆమె ఫిర్యాదు మీద న్యాయమూర్తి మాన్వెల్ రోద్రీగెస్ ఒకాంపో విచారణ నడిపించారు. నాలుగు వందలకు పైగా సభ్యుల పేర్లు బయటికి వచ్చాయి, 1930లో 108 మందిని నిర్బంధించారు. ఆ సెప్టెంబరులో దేశంలో సైనిక కుట్ర జరిగి ప్రభుత్వమే మారిపోయింది. 1931 జనవరిలో అప్పీలు కోర్టు సాక్ష్యం చాలదంటూ ముగ్గురిని మినహాయించి అందరినీ విడిచిపెట్టింది. అయినా సంఘం మళ్ళీ కోలుకోలేదు. 1936లో 12,331వ నంబరు చట్టం దేశమంతటా లైసెన్సు ఇళ్ళను మూయించింది. రాకేల్ అది చూడలేదు. 1935 ఏప్రిల్‌లో థైరాయిడ్ క్యాన్సరుతో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు ముప్పై నాలుగేళ్ళు.

నీలవేణి_ఎస్ (కాకినాడ)

ధన్యవాదాలు. అప్పీలు కోర్టు తీర్పు నాకు ఏమాత్రం ఆశ్చర్యం కలిగించలేదు. సంఘంలో సభ్యుడైనంత మాత్రాన ఫలానా స్త్రీని ఫలానా రోజు నిర్బంధించాడని రుజువైనట్లు కాదు. ఒక్కొక్కరి మీద ఒక్కొక్క బాధితురాలు వచ్చి చెప్పాలి. రాకేల్‌లా వచ్చి చెప్పినవారు లేరు. ఇప్పటికీ మా కేసులు సరిగ్గా ఇక్కడే కూలిపోతాయి. ఏజెంటు దొరుకుతాడు, పాస్‌పోర్టు దొరుకుతుంది, విమానం టిక్కెట్టు కొన్న రసీదు కూడా దొరుకుతుంది. వాయిదా నాటికి సాక్షి మాత్రం ఊళ్ళో ఉండదు.

రంగస్థలం (విజయనగరం)

అసలు ఆ తల్లిదండ్రులు ముక్కూ మొహం తెలియని వాడికి పిల్లను ఎలా ఇచ్చారని మా ఇంట్లో అడిగారు. ఈ ప్రశ్న మన తెలుగువాళ్ళు అడగవలసింది కాదు. తూర్పు యూరప్ యూదు కుటుంబాల్లో కట్నం ఆచారం ఉండేది. రష్యా సామ్రాజ్యంలో వాళ్ళు ఎక్కడ నివసించాలో, ఏ పని చేసుకోవచ్చో ఆంక్షలు పెట్టారు, పైగా ఊళ్ళ మీద పడి చేసే దాడులు. అటువంటి చోట నలుగురు ఆడపిల్లలున్న ఇంటికి, మంచి కోటు తొడుక్కుని, అమెరికా ఖండంలో వ్యాపారముందని చెప్పి, "కట్నం అక్కర్లేదు, ప్రయాణం ఖర్చులూ నావే" అనే వరుడు వస్తే వాకిట్లోకి దేవుడే వచ్చాడనుకుంటారు.

పైగా పెళ్ళిలోనే ఒక మెలిక ఉంది. ఇద్దరు సాక్షులను పెట్టి మతాచారం ప్రకారం మాత్రమే జరిపించి, సర్కారు రిజిస్టరులో ఎక్కించని పెళ్ళిని యిడ్డిష్‌లో 'స్టిల్లె ఖుప్పా', నిశ్శబ్ద వివాహం అంటారు. సంఘం దృష్టిలో ఆమె భార్యే, చట్టం దృష్టిలో ఎవరూ కాదు. రేవులో దిగాక అతడు నా భార్య కాదంటే కాదు. పోనీ అతణ్ణి వదిలించుకుందామంటే, మతం ప్రకారం భర్త విడాకుల పత్రం ఇవ్వనిదే ఆమెకు మరో పెళ్ళి లేదు. అలా చిక్కుకున్న స్త్రీని 'అగునా' అంటారు, కట్టివేయబడినది అని అర్థం. దళారులు ఈ రెండు చిక్కుల మధ్య సందు వెతుక్కున్నారు.

మా ఊరి నాటకం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది! 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో డబ్బు నడిచే దిక్కు వేరు, అక్కడ తండ్రే పిల్లను అమ్ముకుంటాడు. కానీ పెళ్ళి అనే మాట కింద బేరం ఎలా దాక్కుంటుందో గురజాడ వారు చూపించినంత సూటిగా ఈ సినిమా చూపించలేదు. ఇంకొకటి, మధురవాణికి నోరుంది. నాటకం చివరికి వకీలు ఎదురుగా కూర్చుని లెక్కలు తేల్చేది ఆవిడే. ఆల్బాకు సముద్రమే గతి అయింది.

నాటకాల ప్రస్తావన వచ్చింది గనుక బ్యూనస్ ఐరిస్ యిడ్డిష్ రంగస్థలం ముచ్చట కూడా చెప్పాలి. ఆ ముఠావాళ్ళు నాటకాలకు మహారాజ పోషకులు. ముందు వరుసల్లో నగలతో కూర్చునేవారు, ఏ నాటకం ఆడాలో ఏది ఆడకూడదో కూడా శాసించగలిగేవారు. 1926లో లేబ్ మాలాఖ్ అనే రచయిత ఒక వేశ్య తన బతుకు మార్చుకోవాలని ప్రయత్నించే నాటకం 'ఇబెర్‌గుస్' రాస్తే, ప్రదర్శించడానికి అక్కడి నాటక కంపెనీ యజమాని నిరాకరించాడు. యిడ్డిష్ పత్రికలు, రచయితలు, సామాన్య ప్రేక్షకులు ఒక్కటై పోరాడారు. ఆ గొడవ ముదిరి, చివరికి ముఠావాళ్ళను నాటకశాలల నుంచే వెలివేసేదాకా వెళ్ళింది. నాటకం ఆడనివ్వకపోవడం వల్ల సాధించిన సంస్కరణ ఇదొక్కటేనేమో నాకు తెలిసినంతలో!

చికాగో_సుబ్బు

మంచి విషయాలే తెలుస్తున్నాయి, కాదనను. అయితే అందరూ తప్పించుకుంటున్న ప్రశ్న ఒకటి ఉంది. యూదు తార్పుడుగాళ్ళు, యూదు ముఠా అని ఇంత వివరంగా సినిమా తీస్తే, అది యూదులను ద్వేషించేవారి చేతికి ఆయుధం అందించినట్లు కాదా? నాజీలు ఇదే ప్రచారం చేశారు కదా. బహుశా దర్శకుడు కథానాయికను మార్చడానికి ఈ జంకు కూడా ఒక కారణం కావచ్చు. జేమ్స్ గ్రే తీసిన 'ది ఇమ్మిగ్రెంట్' (2013)లో కూడా 1921లో న్యూయార్కు చేరిన స్త్రీ పోలిష్ కేథలిక్, ఆమెను వాడుకునేవాడు యూదుడు. అంటే యూదు స్త్రీ బాధితురాలిగా అక్కడా కనిపించదు.

తుంగభద్ర (కర్నూలు)

సుబ్బు గారు వేసిన ప్రశ్న న్యాయమైనదే. దర్శకుడి మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, మీ చివరి వాక్యం నా వాదనకే బలమిస్తోంది. యూదు దుర్మార్గుణ్ణి తెర మీద ఉంచి యూదు స్త్రీని తెర వెనక్కి నెట్టితే ద్వేషించేవాడికి పని మరింత సులువవుతుంది.

ఈ వ్యాపారం యూదుల గుత్తసొత్తు కాదు. 1927లో ఫ్రెంచి పాత్రికేయుడు ఆల్బెర్ లోంద్ర్ బ్యూనస్ ఐరిస్ వెళ్ళి రాసిన పుస్తకంలో ఎక్కువ భాగం ఫ్రెంచి తార్పుడుగాళ్ళ గురించే ఉంటుంది. ఆయన నమోదు చేసిన ధరల ప్రకారం ఫ్రెంచి స్త్రీకి ఐదు పెసోలు, పోలెండు స్త్రీకి రెండు, స్థానిక స్త్రీకి ఒకటి. ఆ అంకెలు చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్లయింది, పుస్తకం మూసి లేచి వెళ్ళిపోయాను.

రెండోది, ఈ వ్యాపారం మీద అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా పోరాడినవారిలో యూదులే ఉన్నారు. లండన్‌లో 1885లోనే ఆడపిల్లల రక్షణకు యూదు సంఘం ఏర్పడింది. దాని బ్యూనస్ ఐరిస్ శాఖ 'ఎజ్రాస్ నోషిమ్' మనుషులు రేవుకు వెళ్ళి, ఒంటరిగా దిగే అమ్మాయిలను పలకరించి ఎవరింటికి వెళ్తున్నావమ్మా అని అడిగేవారు. జర్మనీలో బెర్తా పాపెన్‌హైమ్ 1904లో యూదు మహిళా సమాఖ్యను స్థాపించి జీవితమంతా ఈ పోరాటంలోనే గడిపింది. మనస్తత్వశాస్త్ర గ్రంథాల్లో 'అన్నా ఓ' అనే రోగిగా కనిపించేది ఈమే. ఇటువంటివి బయటపెట్టి మన పరువు తీయకమ్మా అని పెద్దలు ఆమెకు కూడా చెప్పారు. ఆమె వినలేదు.

అక్కడి యూదు సమాజం ముఠావాళ్ళను 'తమేయిమ్', అంటే అపవిత్రులు అని పిలిచి గుడిలోకి, శ్మశానంలోకి రానివ్వలేదు. అందుకే ముఠా సొంతంగా ప్రార్థనా మందిరం కట్టుకుంది, అవెయనేదాలో సొంత శ్మశానం ఏర్పాటు చేసుకుంది. వెలివేతలో నాకు నచ్చనిది ఒకటుంది. అపవిత్రులు అనే ఆ ఒక్క మాటలోనే అమ్మినవాణ్ణీ, అమ్ముడుపోయినదాన్నీ కలిపేశారు. చచ్చిన తరువాత కూడా ఆ స్త్రీలు తమ యజమానుల పక్కనే పడుకోవలసి వచ్చింది.

దక్షిణపవనం

ఉద్యోగరీత్యా నేను రెండేళ్ళు బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నాను. సినిమా చూడలేదు గానీ వీధులు తెలుసు గనుక ఒక వివరం చేరుస్తాను. అక్కడ ఇళ్ళ నంబర్లు బ్లాకుకు వంద చొప్పున పెరుగుతాయి. కాబట్టి నంబరు చెబితే ఎంత దూరం నడవాలో చెప్పేయవచ్చు. కయ్యావో వీధి పార్లమెంటు భవనం దగ్గర మొదలవుతుంది. 515 అంటే అక్కడి నుంచి ఆరో బ్లాకు, నాటకశాలలకు పేరుపడ్డ కొర్రియెంతెస్ వీధి దాటాక రెండో బ్లాకు. జ్వీ మిగ్దల్ ప్రధాన కార్యాలయం కోర్దొబా వీధిలో 3280 నంబరు అని చదివాను. కయ్యావో, కోర్దొబా కలిసేచోట కోర్దొబా నంబర్లు 1800 దగ్గర ఉంటాయి. అంటే రాకేల్ దుకాణం నుంచి ఉత్తరానికి మూడు బ్లాకులు నడిచి, ఎడమకు తిరిగి మరో పదిహేను బ్లాకులు నడిస్తే ఆ భవనం వస్తుంది. నింపాదిగా నడిచినా అరగంట పట్టదు.

ఆమె వాళ్ళ నుంచి పారిపోయి దూరంగా ఎక్కడో దాక్కుందని నేను ఊహించుకున్నాను. కానే కాదు. నగరం నడిబొడ్డున, బస్సులు తిరిగే వీధిలో, వాళ్ళకు కనిపించేలాగానే తలుపు తెరుచుకుని కూర్చుంది.

లలిత_వి (హైదరాబాదు)

తుంగభద్ర గారు శ్మశానం మాట ఎత్తారు గనుక బ్రెజిల్ సంగతి ఒకటి. రియో డి జనీరోలో ఇలాగే వచ్చిన యూదు స్త్రీలు యజమానుల మీద ఆధారపడకుండా 1906లో తామే ఒక సహాయ సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని, ఇన్యావుమ అనే పేటలో తమ శ్మశానం తామే సంపాదించుకున్నారు. జబ్బు చేసినవారికి వైద్యం, ముసలివారికి పోషణ, పోయినవారికి శాస్త్రోక్తంగా అంత్యక్రియలు, పండుగలకు ప్రార్థనలు, అన్నీ వాళ్ళే చూసుకున్నారు. సినిమా తీయాలంటే నాకు ఇదే కావాలి. చందా పుస్తకం ముందు పెట్టుకుని ఈ నెల ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని పోట్లాడుకునే ఆడవాళ్ళ సినిమా. అందులో టాంగో లేకపోయినా ఫరవాలేదు.

కామాఠీపుర_మనవడు (ముంబయి)

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఈ చరిత్ర బ్యూనస్ ఐరిస్‌లో ఆగలేదు, మన గుమ్మం దాకా వచ్చింది. అందుకని రాస్తున్నాను.

ముంబయిలో కామాఠీపుర అంటే అందరూ నవ్వుతారు, లేదా మొహం తిప్పుకుంటారు. ఆ పేరు మనవాళ్ళదే. నైజాము రాజ్యం నుంచి కూలి పనికి, ఇళ్ళు కట్టే పనికి వచ్చిన తెలుగువాళ్ళను ఇక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ళు స్థిరపడిన పేట కామాఠీపుర అయింది. మా ముత్తాత పాలమూరు వైపు నుంచి అలా వచ్చినవాడే. 1869లో సూయజ్ కాలువ తెరిచాక యూరప్ ఓడలు పోర్ట్ సయీద్ మీదుగా నేరుగా బొంబాయికి రావడం మొదలైంది, దళారులూ ఆ దారిలోనే వచ్చారు. మా పేట పక్కనే ఉన్న కర్సెట్‌జీ సుఖ్లాజీ వీధికి 'సఫేద్ గల్లీ' అని పేరు పడింది, తెల్లవాళ్ళ సందు అని. అక్కడి ఇళ్ళలో ఉన్న యూరోపియన్ స్త్రీలలో తూర్పు యూరప్ యూదులు చాలామంది ఉండేవారు. ఇంగ్లీషు దొరలకు ఇది బాగానే నప్పింది. సొంత దేశపు స్త్రీ అక్కడ కనిపిస్తే పరువు పోతుంది, పోలెండుదో రష్యాదో అయితే పోదు. అందుకని పోలీసులే వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచి, పేట దాటకుండా చూసుకుంటూ కొనసాగనిచ్చారు.

మా నాయనమ్మ వాళ్ళత్తగారి నోట విన్న ముచ్చట ఒకటి చెప్పేది. సఫేద్ గల్లీలో ఒక తెల్లావిడ శుక్రవారం పొద్దుగూకే వేళ కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేదట. కింద నుంచి తట్ట మోసుకుంటూ పోయే మన ఆడవాళ్ళు, "దొరసాని దీపం పెడుతోంది, ఇవ్వాళ శుక్రవారమే, మనమూ ఇంటికెళ్ళి పెట్టాలి" అనుకునేవారట. మా నాయనమ్మకు యూదులంటే ఎవరో తెలియదు. ఆ తెల్లావిడ లక్ష్మీదేవిని కొలుస్తుందనే చివరిదాకా నమ్మింది. అది వాళ్ళ సబ్బాతు, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినపు దీపమని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను.

రంగస్థలం (విజయనగరం)

మనవడు గారూ, ఈ ఒక్క ముచ్చట కోసం ఈ చర్చ మొదటి నుంచి చదివినా దండగ కాదు. దయచేసి దీన్ని ఎక్కడైనా విడిగా రాసి పెట్టండి.

చికాగో_సుబ్బు

నేను నా మాట మీదే ఉన్నాను. 'నేకెడ్ టాంగో'ను అది తీయదలచుకున్న సినిమాగానే చూడాలి, చివరి నాట్యం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అయితే కొవ్వొత్తులావిడ మీద ఎవరైనా సినిమా తీస్తే టిక్కెట్టు కొంటాను.

సినీజిజ్ఞాసి (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. రాకేల్ విషయంలో నేను రాసిన తప్పును దిద్దకుండా అలాగే ఉంచి, కింద సవరణ చేరుస్తున్నాను. నేను కూడా ఆమె చెప్పిన అబద్ధాన్నే నమ్మానన్నమాట. తలచుకుంటే కోపం రావడం లేదు, ఆమె అనుకున్నది అనుకున్నట్లు జరిగినందుకు ఒకవిధంగా సంతోషమే వేస్తోంది. వచ్చే నెల మా సొసైటీలో సినిమా మళ్ళీ వేసి, మొదటి పావుగంట దగ్గర ఆపి, ఆల్బా గురించే మాట్లాడుకోవాలని అనుకుంటున్నాము. వెళ్ళిపోయిన ఆ నలుగురిని కూడా పిలిచాను, ఇద్దరు వస్తామన్నారు.

మనవడు గారికి ఒక ప్రశ్న. ఆ కొవ్వొత్తులావిడ పేరేమైనా మీ ఇంట్లో చెప్పుకునేవారా?

కామాఠీపుర_మనవడు (ముంబయి)

పేరు ఎవరికీ తెలియదండీ. మా నాయనమ్మ "శుక్రారం దొరసాని" అనేది. ఒక ఏడు వానాకాలంలో కిటికీ మూసి ఉందట, దీపావళికి తెరిస్తే లోపల వేరే మనిషి ఉందట. ఆవిడ దీపం పెట్టేది కాదు.